దర్వాజ కాడ ఆగిన ఇల్లు

నిరోష ఆ చిన్న కంప్యూటర్ డబ్బాను తెచ్చి సంగమేశ్ కంప్యూటర్ షాపులో కౌంటర్ మీద పెట్టింది. బయట వాన. చున్నీ కప్పి తెచ్చిందేమో డబ్బా పొడిగానే ఉంది, ఆమె మాత్రం తడిసి ముద్దయింది.

"ఇంటి లోపలికి పోదామంటే దర్వాజ కాడనే ఆగిపోతుంది," అంది.

"ఎవలి ఇల్లు?"

"నేను గీసే ఇల్లు."

నిరోష సివిల్ డిప్లొమా చదివి, నారాయణఖేడ్ బస్టాండ్ వెనక ఒక గదిలో ఇళ్ల ప్లాన్లు గీస్తోంది. కట్టబోయే ఇంట్లో నడిచి తిరిగినట్టు స్క్రీన్ మీద చూపిస్తే గిరాకీ వస్తుందని ఆమె ఆశ. గదిలో ఉన్నది చిన్న ఇన్వర్టర్. అందుకే తక్కువ కరెంటుతో నడిచే కంప్యూటర్ కావాలంది. సంగమేశ్ దీన్ని అమ్మాడు.

"త్రీడీ చేస్తవని చెప్పలే గద నువ్వు."

"నువ్వు అడగలే గద."

అది నిజమే. సంగమేశ్ డబ్బా మూత విప్పి చూపించాడు. "దీంట్ల బొమ్మలు కదిలిచ్చే గ్రాఫిక్స్ కార్డు వేరేగ లేదు. పెడదామన్నా జాగ లేదు. ఇంట్ల నడిపిచ్చుడు దీనితోని కాదు. వాపస్ తీస్కుంట."

ఆమె కొట్లాడటానికే వచ్చింది. ఇంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు.

"పెద్దది తీస్కుంటే నా ఇన్వర్టర్ మోస్తదా?"

"మొయ్యది."

"మరేం చెయ్యమంటవ్?"

సాయంత్రం అతనే డబ్బాను ఆమె గదికి తెచ్చి, బొమ్మలో నీడలు, మెరుపులు అన్నీ తీసేశాడు. ఇల్లు కదిలింది కానీ, అచ్చం పశువుల కొట్టంలా కనిపించింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"నడిపియ్యకు," అన్నాడు చివరికి. "వంటిల్లు, పడుకునే గది, ఒక్కో అర్రకు ఒక్కో కదలని బొమ్మ చెయ్యి. నీడలన్నీ పెట్టి వదిలెయ్యి. మెల్లగనైనా తయారు చేస్తది."

"గప్పటిదాక నేనేం చెయ్యాలె?"

"చాయ్ తాగుదాం."

ఆ నెలంతా చాలా చాయ్‌లే తాగారు.

అప్పుడే కల్హేర్ నుంచి మణెమ్మ అనే ఆమె ఇల్లు గీయించుకోవడానికి వచ్చింది. నిరోషకు అదే మొదటి గిరాకీ. ఆమె చెప్పినట్టే గీసి, బొమ్మలు తయారు చేసి, మళ్లీ పిలిచింది. ఒక్కొక్కటీ చూపిస్తుంటే సంగమేశ్ గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"అమ్మా, బస్సు టైమైతుంది."

నిరోష చెయ్యి మౌస్ మీదే ఆగింది. "మీ అమ్మనా? పాపమని పంపినవా?"

సంగమేశ్ నోరు తెరిచేలోపు మణెమ్మే అందుకుంది.

"వాడు చెప్తేనే వచ్చిన బిడ్డా. గని ఇల్లు నాది. నచ్చకుంటే ఎప్పుడో పోతుంటి. ప్లాన్లు గీసే ఇంకొకాయన కంప్యూటర్ల ఇల్లంత తిరిగినట్టు చూపెట్టిండు. నాకు కండ్లు తిరిగినయి గని ఏ అర్ర ఎక్కడుందో సమజ్ కాలే. నీది నిమ్మళంగ చూడొచ్చు. ఇగో, వంటింటి కిటికీ కొట్టం దిక్కు పెట్టు. బర్రె కనవడాలె."

నిరోష కళ్లు తుడుచుకుని కిటికీ మార్చింది.

"అంత మంచిగుంది గని మనుషులే లేరు. ముందర అరుగు మీద ఇద్దరు కూసుంటే మంచిగుంటది," అంది మణెమ్మ.

"ఎవలిద్దరు?" నిరోష స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు.

"నేనొకన్ని," అన్నాడు సంగమేశ్. "పక్కన నువ్వు కూసుంటవా?"

నిరోష ముందర అరుగు బొమ్మ తెరిచింది.

"ఇద్దరిని పెడితే ఇంకా మెల్లగైతది," అంది నిరోష, నవ్వు ఆపుకుంటూ.

"కానియ్యి. నాకేం జల్దీ లేదు."

"నాకుంది," అంది మణెమ్మ. "మీ అమ్మానాయిన ఇంట్ల ఎప్పుడుంటరు బిడ్డా?"

"ఐతారం సెలవు గద, ఇంట్లనే ఉంటరు," అంది నిరోష.