తుపాకికి చెమట

“ఈ ముచ్చట్లేవో లోపల పొయ్యి దగ్గర కూర్చుని చెప్పుకోవచ్చు కదయ్యా!” అన్నాడు మేజర్ బ్రునెల్. చలికి ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

“మీరు వెళ్లండి సార్. తుపాకి రాదు,” అన్నాడు యాల్మర్ తల ఎత్తకుండానే.

ఉత్తర స్వీడన్‌లో ఒక సైనిక పట్టణం. యుద్ధం మొదలై నాలుగో చలికాలం. ఉమ్మితే నేల తాకేలోపే గడ్డకట్టే ఫిబ్రవరి. బారక్స్ వెనుక చెక్క షెడ్డులో, బల్ల మీద కొత్త రైఫిల్ ముక్కలు ముక్కలుగా పరచి ఉంది. యాల్మర్ పదేళ్లు సైన్యంలో తుపాకులు బాగుచేశాడు, రెండేళ్లుగా మేజర్ గారి రహస్య శాఖలో ఏజెంటు. తుపాకులంటే ఇష్టపడి ఈ పనిలోకి వచ్చాడనుకుంటారు అందరూ. నిజానికి వాటిని ముట్టుకోవడమంటేనే అతనికి అసహ్యం.

ఈ కొత్తదైతే మరీను. ట్రిగర్ నొక్కితే చాలు, తూటా పేలిన పొగే వెనక్కి వచ్చి బోల్టును తోస్తుంది, తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది. పత్రికలవాళ్లు దీన్ని తెగ పొగిడారు. పొగిడినవాడెవడూ దీన్ని కడిగి ఉండడు. ఆ పొగ బోల్టు లోపలికే ఊదుకుని, చిమ్నీలో మసిలా పేరుకుంటుంది. కాల్చిన రోజే విప్పి తుడవకపోతే రాయిలా బిగుస్తుంది. దానికి తోడు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఒళ్లంతా గ్రీజు, పాచిపోయిన పందికొవ్వు రంగులో, అదే వాసనతో. మా చలికి ఆ గ్రీజు బంకలా ముద్దకడుతుంది కాబట్టి పెట్రోలుతో చుక్క మిగలకుండా కడగాలి, పొడిబట్టతో తుడవాలి. నూనె పూశానా లేదా అన్నట్టు పూయాలి.

“చేతులు కొంకర్లు పోతున్నాయి కదా, లోపల విప్పితే ఏం?” అన్నాడు మేజర్. ఆయనది స్టాక్‌హోమ్. చలి అంటే గొడుగు సరిపోతుందనుకునే బాపతు.

“చలిలో ఉన్న ఇనుము వెచ్చని గదిలోకి వస్తే చెమట పడుతుంది సార్. బయటే కాదు, లోపల కూడా. మళ్లీ బయటికి తెస్తే ఆ చెమట మంచవుతుంది. అప్పుడది తుపాకి కాదు, దుడ్డుకర్ర. అందుకే మా వైపు తుపాకి ఎప్పుడూ షెడ్డులోనే పడుకుంటుంది. పెళ్లాం ఇంట్లో పడుకుంటుంది.”

“పెళ్లాం లేనివాడివి నీకెందుకోయ్ ఆ బాధ,” అని మేజర్ గొంతు తగ్గించాడు. “విను. పోయినవారం ఇలాంటిదే ఒకటి పెట్టెలోంచి మాయమైంది. ఓట్మార్ ముఠా పని.”

ఓట్మార్ పొయ్యిల వ్యాపారి. కాగితాల మీద. సముద్రం అవతలి, నార్వేని మింగిన పెద్ద దేశానికి గూఢచారి అని ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. మనది తటస్థ దేశం కాబట్టి కుక్కలు మొరగవు, మనమూ మొరగం. వాళ్ల సైనికులు మన రైళ్లలో సెలవులకు వెళ్తుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి కాఫీ తాగుతాం, అదీ నిజం కాఫీ కాదు, వేయించిన వేళ్ల కషాయం. తలుచుకుంటే నోరంతా చేదు.

“గురువారం మధ్యాహ్నం రైలుకి ఐవిన్ వస్తున్నాడు,” అన్నాడు మేజర్.

యాల్మర్ చేతిలో గుడ్డ ఆగింది. ఐవిన్ నార్వేవాడు, ఒకప్పుడు బడిపంతులు. కొండలు దాటించి, మంచులో నడిపించి, పిల్లాజెల్లాతో సహా మనుషుల్ని మన వైపు తెస్తున్నవాడు. దారులన్నీ అతని తలలోనే ఉన్నాయి.

“స్టేషన్లో అతన్ని ఈ తుపాకితోనే చంపుతారు. మన కొత్త తుపాకి, మన నేల. స్వీడన్ సైన్యమే చంపిందని చాటుతారు. ఇక నార్వేవాళ్లెవరూ మనల్ని నమ్మరు, అటు కొండల్లో ఉన్నవాళ్లు అక్కడే చస్తారు. అయితే వాళ్లకో చిక్కు వచ్చింది. తుపాకి గ్రీజులో మునిగి ఉంది, విప్పడం ఎవరికీ రాదు. ఓట్మార్ ప్రయత్నిస్తే బోల్టు మూత వాడి బొటనవేలు కరిచిందట. లంచానికి పడే మరమ్మతుదారు కోసం చూస్తున్నారు. వెండెలా నీ పేరు చెప్పింది.”

వెండెలా! హోటల్లో ఎర్ర గౌనులో పాడుతుంది. ఆమె పాడితే ఊళ్లో సగంమంది మగవాళ్లు గ్లాసు ఎత్తడం మరిచిపోతారు. ఓట్మార్ ముఠాలో చేరి మనకు కబుర్లు మోస్తున్న మన ఏజెంటు. “యోక్‌మోక్‌లో పుట్టానండీ, ఇదే మంచులో, నడక కంటే ముందు స్కీలు నేర్చాను,” అంటుంది. వేసవి వచ్చాక ఆమెతో పెళ్లి మాట ఎత్తాలని యాల్మర్ మనసులో అనుకుని ఉన్నాడు. ఈ సంగతి మేజర్‌కి తెలియదు.

“నేనేం చెయ్యాలి?”

“శుభ్రం చేస్తున్నట్టు నటించి, తూటాను పేల్చే సూది మార్చెయ్. ఇదిగో పొట్టిసూది. పైకి తేడా తెలీదు.” మేజర్ ఒక గుండ్రటి స్నూస్ పొగాకు డబ్బా ఇచ్చాడు. “అడుగున దాచు. మూతలో కెమెరా ఉంది.”

“చలికి కెమెరా పనిచెయ్యదు సార్.”

“పోనీలే. పైన స్నూస్ మాత్రం అసలుదే. లంచగొండి మరమ్మతుదారు పెదవి కింద పొగాకు లేకుండా ఎలా ఉంటాడు?”

“నాకు ఆ తడి పొగాకు వాసనకే వాంతి వస్తుంది.”

“దేశం కోసం పెట్టుకో. గుర్తుమాట: చేప గాలానికి పడుతోందా?”

“జవాబు?”

“గురువారం, సూపు తర్వాత.”

గురువారం బఠాణీ సూపు. బారక్స్‌లో, బడిలో, జైల్లో, రాజుగారింట్లో, స్వీడన్ అంతటా ఆ రోజు అదే. పసుపుపచ్చ ముద్దలో పందిమాంసం తేలుతూ ఉంటుంది. సైన్యంలో చేరిన మొదటి వారం నుంచీ అదంటే యాల్మర్‌కి రోత.

*

గురువారం పొద్దున అడవి అంచున ఉన్న ఓట్మార్ ఇంటి తలుపు తట్టాడు యాల్మర్. పెదవి కింద స్నూస్ మండుతోంది, గొంతులోకి చేదు కారుతోంది.

తలుపు తీసింది వెండెలా. నక్కతోలు కోటు, నవ్వు.

“చేప గాలానికి పడుతోందా?” అన్నాడు.

“గురువారం, సూపు తర్వాత. రా బంగారం.”

ఓట్మార్ షెడ్డులో ఉన్నాడు. బొటనవేలికి ఉల్లిపాయంత కట్టు. “ఇదేం తుపాకి! మనిషిని కొరుకుతోంది,” అన్నాడు.

“ముద్దొచ్చి కొరికుంటుంది,” అని యాల్మర్ పనిలో దిగాడు. తూటాల పెట్టె తీశాడు. తూటా దూరే గూటిలో ఏదీ మిగల్లేదని కళ్లతో చూసి, వేలు పెట్టి చూశాడు. మూత వెనక్కి జరిపి బోల్టు బయటికి లాగాడు. గ్రీజు ముద్దలు జారి బల్ల మీద పడ్డాయి. ఛీ! పెట్రోలులో ఒక్కొక్కటే కడుగుతుంటే వేళ్లు తెల్లబడి, మొద్దుబారాయి. బ్రష్షుతో మూలలు గీకాడు. గొట్టంలో గుడ్డ దూర్చి, అది తెల్లగా వచ్చేదాకా లాగాడు. ఎంత అసహ్యమున్నా అశుభ్రంగా చేయడం చేతకాదు అతనికి.

ఓట్మార్ వేలు చూసుకుంటున్న క్షణంలో స్నూస్ డబ్బాలోంచి పొట్టిసూది తీసి బోల్టులో దూర్చబోయాడు.

“అది కాదు బంగారం, అసలుది పెట్టు,” అంది వెండెలా మెత్తగా. నక్కతోలు లోంచి పిస్టల్ మూతి బయటికి వచ్చింది.

ఓట్మార్ పగలబడి నవ్వాడు. “నీ పేరు నాకు చెప్పింది ఈమే, మేజర్‌కి చెప్పిందీ ఈమే. రెండు చోట్లా జీతం తీసుకుంటోంది, తెలివైన పిల్ల!”

యాల్మర్ ఆమె ముఖంలోకి చూశాడు. ఏ మాత్రం సిగ్గు లేదు. చేతులకు అంటిన గ్రీజు కంటే తను ఈ మనిషి గురించి వేసవి కలలు కన్నాడన్నదే అతనికి ఎక్కువ రోత పుట్టించింది.

“నన్ను చంపేస్తే మీకు తుపాకి ఎవరు బిగిస్తారు?”

“నువ్వే,” అన్నాడు ఓట్మార్. “ఆ తర్వాత స్టేషన్ దగ్గర ఆ తుపాకి పక్కనే నీ శవం దొరుకుతుంది. స్వీడన్ సైన్యం మరమ్మతుదారు, కాల్చింది అతనే, తనను తాను చంపుకున్నదీ అతనే. కథ బాగుంది కదూ?”

బాగానే ఉంది. ఐవిన్‌ని చంపిన చెయ్యి తనదే అవుతుంది. తలకి పిస్టల్ ఆనించి అసలు సూదే బిగింపించారు. ఓట్మార్ అడవిలోకి తుపాకి ఎక్కుపెట్టి రెండుసార్లు కాల్చాడు. పైన్ కొమ్మ విరిగి పడింది. ఎంత చక్కగా పనిచేసిందో! తన పనితనం మీద తనకే ఉమ్మేయాలనిపించింది యాల్మర్‌కి.

“రైలుకి ఇంకా టైముంది,” అంది వెండెలా. తుపాకి గొట్టాన్ని చేతితొడుగుతో నిమిరింది. “పాపం, ఎంత చల్లగా అయిపోయిందో! ఇక్కడే వదిలేస్తే పాడవుతుంది. లోపలికి తెండి, పొయ్యి పైన కొక్కేనికి తగిలిద్దాం.”

యాల్మర్ నోరు తెరుచుకుంది. పదేళ్లు కొత్త కుర్రాళ్లను ఇదే మాటకు తిట్టిన నోరు అది. నాలుక చివరిదాకా వచ్చింది తిట్టు. పళ్లు బిగించి మింగేశాడు, దాంతోపాటు స్నూస్ రసం కూడా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

యోక్‌మోక్‌లో పుట్టిందట! నడక కంటే ముందు స్కీలు నేర్చిందట! ఆ ఊళ్లో పాలపళ్ల పిల్ల కూడా తుపాకిని ఇంట్లోకి తేదు. అబద్ధాలకైనా కాస్త సిద్ధపడాలి మనిషి!

వంటింట్లో పొయ్యి ఎర్రగా మండుతోంది. తుపాకిని దాని పైనే తగిలించారు. యాల్మర్ చేతులు ముందుకు కట్టి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అతను ఒక్క నిమిషం ఆలోచించి అన్నాడు:

“చావబోయేవాడికి గురువారం సూపైనా పెట్టరా? ఎంత శత్రువులైనా అంత నీచులు కారనుకున్నాను.”

వెండెలాకు నవ్వొచ్చింది. “నీకదంటే అసహ్యం అని చెప్పావుగా?”

“చచ్చేముందు మనిషి మారతాడు.”

కుండ పొయ్యి మీదికెక్కింది. నానబెట్టి ఉడికించిన బఠాణీలు మళ్లీ కుతకుతలాడాయి. దట్టంగా ఆవిరి లేచి, కిటికీ అద్దాల్ని కప్పి, పైన వేలాడుతున్న తుపాకి చుట్టూ తిరిగింది. కాసేపటికి గొట్టం మీద చిన్న చిన్న బొట్లు కనిపించాయి.

“అయ్యో, చెమట పట్టింది,” అంది వెండెలా. లేసు చేతిగుడ్డ తీసి పైపైన ముద్దుగా తుడిచింది.

బోల్టు లోపలికి లేసు చేతిగుడ్డ వెళ్లదు. యాల్మర్ తలొంచుకుని సూపు తాగాడు. పందికొవ్వు నాలుకకు అంటుకుంది. “ఇంకొంచెం ఉడకనివ్వండి, పచ్చిగా ఉంది,” అన్నాడు. ఉడకనిచ్చారు.

*

స్టేషన్ ఎదురుగా కట్టెల కొట్టం. ఓట్మార్ దుంగల మీద బోర్లా పడుకుని తుపాకి గురిపెట్టాడు. వాళ్లిక్కడ దాక్కుని అప్పటికి చాలాసేపయింది, రైలు ఆలస్యం. వెండెలా పిస్టల్ యాల్మర్ పక్కటెముకల్లో ఉంది. బయలుదేరే ముందు ఆమె సరదాపడి అతని పెదవి కింద కొత్త స్నూస్ పెట్టింది. శవం నోట్లో కూడా అన్నీ సరిగ్గా ఉండాలట.

రైలు వచ్చి ఆగింది. మొదట ఇద్దరు ముసలివాళ్లు దిగారు, తర్వాత ఐవిన్. బక్కపలచటి మనిషి, పంతులు కళ్లజోడు. చలికి చేతులు రుద్దుకుంటూ, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల కోసం అటూ ఇటూ చూశాడు. సరిగ్గా గురి ఎదురుగా నిలబడ్డాడు.

యాల్మర్ బోల్టు కేసే చూశాడు. సూపు పనిచేయకపోతే? పొయ్యి వేడికి లోపల తడి ఆరిపోయి ఉంటే? ఆ మనిషి తన చేతులతో కడిగిన తుపాకికే చస్తాడు.

ఓట్మార్ ట్రిగర్ నొక్కాడు.

టుక్.

ముసలివాడి పన్ను కదిలినంత చప్పుడు. అంతే. సూది మంచులో ఇరుక్కుపోయింది. ఓట్మార్ తిట్టుకుంటూ బోల్టు లాగాడు. అది కదల్లేదు. చేతితొడుగు పీకేసి ఒట్టి చేత్తో లాగాడు. తడి వేళ్లు ఇనుముకు అతుక్కుపోయాయి. గుంజేసరికి చర్మం అక్కడే ఉండిపోయింది. కేక వేశాడు.

“ఏమైంది?” అని వెండెలా అటు వంగింది.

యాల్మర్ పెదవి కింద ఉన్నదంతా పోగుచేసి, ఆ అందమైన కళ్లల్లోకి ఉమ్మేశాడు.

ఆమె అరుపు స్టేషన్ అంతా వినిపించింది. కట్టిన చేతులతోనే పిస్టల్ లాక్కున్నాడు. కాలితో దుంగల వరస తన్నాడు, దుంగలన్నీ ఓట్మార్ వీపు మీద దొర్లాయి. ఐవిన్ కోసం ప్లాట్‌ఫారం మీదున్న మేజర్ మనుషులు పరుగెత్తుకొచ్చారు.

సంకెళ్లు వేస్తుంటే వెండెలా ఎర్రబడ్డ కళ్లతో అడిగింది: “సూదికేం చేశావు? నేను చూస్తూనే ఉన్నానుగా!”

“నేనేం చెయ్యలేదు. తుపాకిని లోపలికి తెమ్మంది నువ్వు. మీ యోక్‌మోక్‌లో అలాగే చేస్తారా?”

ఆమెది అసలు ఏ ఊరో అడగాలని కూడా యాల్మర్‌కి అనిపించలేదు. ప్లాట్‌ఫారం చివర ఐవిన్ కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఆ రాత్రి కొండల అవతల ఎవరు ఏ దారిన బయలుదేరాలో అంతా ఇంకా ఆ తలలోనే భద్రంగా ఉంది. అది చూశాకే యాల్మర్ పిస్టల్ ఇచ్చేసి, కట్లు విప్పమని చేతులు చాపాడు.

మర్నాడు ఆ తుపాకిని మళ్లీ షెడ్డులో విప్పాల్సి వచ్చింది, సాక్ష్యం కాబట్టి. బోల్టులో పలచటి మంచుపొర, దానికి అంటుకుని మసి, ఓట్మార్ చర్మం, పందిమాంసం వాసన. యాల్మర్ బయటికి వెళ్లి వాంతి చేసుకుని, తిరిగొచ్చి అన్నీ శుభ్రంగా కడిగాడు.

“రిపోర్ట్ రాయాలి,” అన్నాడు మేజర్, ఈసారి రెండు కోట్లు వేసుకుని. “వాడిన ఆయుధం ఏమిటని రాయను?”

“బఠాణీ సూపు, సార్.”

“స్టాక్‌హోమ్‌లో నవ్వుతారయ్యా.”

“నవ్వనివ్వండి. వాళ్లూ గురువారం తినాల్సిందేగా.”

ఆ తర్వాతి గురువారం మెస్‌లో వంటవాడు గరిటెతో ఆ పసుపుపచ్చ ముద్ద వడ్డించాడు. యాల్మర్ ముక్కు మూసుకుని, మొహం పక్కకు తిప్పి, పళ్లెం మళ్లీ ముందుకు జరిపాడు.

“ఇంకో గరిటె వెయ్యి,” అన్నాడు.