పన్నెండు గంటల వార్త

ఎడిటర్ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. హెడ్‌ఫోన్స్ చెవులకే ఉన్నాయి, చెయ్యి కీబోర్డు మీదే ఉంది. గొంతు మాత్రం ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగి ఉంది. చచ్చినవాడి వేలు కింద ఒకే అక్షరం స్క్రీన్ మీద ఆగకుండా పడుతూనే ఉంది.

మేనత్త తలుపు గడియ పెట్టింది.

మేనత్త అంటే ఎవరికో వరస అనుకునేరు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్ నేమ్ అది. నలభై ఆరేళ్ళ వయసు, రెండు మోకాళ్ళ నొప్పులు, పదకొండు మిషన్లు. ఈ విదేశీ న్యూస్ ఛానల్లో రెండేళ్ళుగా మేకప్ ఆవిడ వేషం. పాపం ఆ ఎడిటర్ ఆమె మనిషే. "అర్జెంట్, రా" అని పది నిమిషాల కిందటే మెసేజ్ పెట్టాడు.

ఆమె ఆ వేలిని మెల్లగా పక్కకు జరిపి, అతను దాచిన వీడియో తెరిచింది. అది పన్నెండు గంటల బులెటిన్.

"కొద్దిసేపటి కిందట పోలీసు కాల్పుల్లో రేవు కార్మికుల నాయకురాలు మృతి. నగరమంతా అల్లర్లు. మా పౌరుల రక్షణ కోసం నౌకాదళం తీరానికి చేరుకుంటోంది..."

గోడ గడియారంలో ఇంకా పదకొండుం పావే. ఆ నాయకురాలు ఈ క్షణాన నిక్షేపంగా బతికే ఉంది. ఆమె మేనత్తకు సొంత చెల్లెలు.

ఈ ఛానల్ నడిపే దొరలు దేశం వదిలి అరవై ఏళ్ళయింది గానీ రేవు వదల్లేదు. లీజు రేపటితో ఆఖరు. పొడిగిస్తే ఊరుకునేది లేదని వారం రోజులుగా లక్షమంది నగరం కూడలిలో కూర్చున్నారు. ఇవాళ్టి సభలో చెల్లెలి మీద ఒక్క తూటా పేలితే చాలు, జనం పోలీసుల మీద పడతారు. శాంతి పేరు చెప్పి దొరల ఓడలు ఒడ్డుకొస్తాయి.

"సభ ఆపించు," అన్నాడు ఫోన్లో చీఫ్.

"ఆపితే రేపు ఇంకో చోట కొడతారు సార్. తుపాకీ దొరకాలి."

"కూడలి చుట్టూ పదహారు మేడలు. నా దగ్గర ఆరుగురు. ఎన్ని తలుపులు తట్టమంటావ్? పోనీ మీ చెల్లెలికి చెప్పు."

"దొరల మొహాలకు పౌడర్ రాసేదాన్నని అది నాతో మాట మానేసి రెండేళ్ళయింది. నా ఫోనెత్తదు. బులెటిన్ సంగతి మీరు చూడండి, తుపాకీ సంగతి నేను చూస్తా."

మేనత్త చేరేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలే ఉంది. కూడలి మూల ఛానల్ వ్యాన్‌లో ఎర్రకోటు యాంకర్ అద్దం ముందు కూర్చుని ఉంది. ఆమెను అందరూ చిలక అంటారు. అంత అందగత్తె మరి. ఛానల్ జీతం తింటూ మూడేళ్ళుగా మన డిపార్ట్‌మెంట్‌కు రహస్యాలు చేరవేస్తోంది. బులెటిన్ చదివిన గొంతు చిలకదేనని మేనత్త మొదటి మాటకే పోల్చుకుంది.

"ఎండ మండిపోతోంది," అంది మేనత్త.

"గొడుగు మర్చిపోయాను," అంది చిలక. కోడ్ సరిపోయింది.

"తుపాకీ ఎక్కడ?"

"గడియారం మేడ మీద. పరిగెత్తక్కా!"

మేనత్త పరిగెత్తలేదు. నాలుగు కెమెరాల తాలూకు నాలుగు మానిటర్ల వంక చూసింది. పెద్ద సభకొస్తే ఈ ఛానల్ వాళ్ళు నాలుగు దిక్కులా ఒక్క గోడ వదలరు. ఆమె లెక్కపెట్టింది. పదిహేను మేడలు కనిపించాయి. గడియారం మేడ అయితే ఫ్రేము నిండా ఉంది. పాత ఇన్సూరెన్స్ మేడ ఒక్కటే ఏ మానిటర్లోనూ లేదు. తాను పెట్టిన హంతకుణ్ణి తన కెమెరాతోనే వీడియో తీసుకునేంత వెర్రివాడు ఎవడుంటాడు?

అద్దంలో చిలక ఆమె చూపు కనిపెట్టింది. పౌడర్ డబ్బాలోంచి బుల్లి పిస్టల్ బయటికొచ్చింది.

కర్లింగ్ ఐరన్ అప్పటికే కాగి ఉంది. మేనత్త దాన్ని చిలక మణికట్టుకు నొక్కిపట్టింది. చర్మం చుర్రుమంది. తూటా వ్యాన్ కప్పులోకి పోయింది, ఆ చప్పుడు బయటి మైకుల మోతలో కలిసిపోయింది. జుట్టు పట్టుకుని ఆ మొహాన్ని బల్లకేసి ఒకసారి కొట్టింది. ముక్కు విరిగింది. రెండోసారికి చిలక కదల్లేదు.

"ఇన్సూరెన్స్ మేడ సార్!" అంది మేనత్త ఫోన్లో.

"మా వాళ్ళు రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది."

"నాకు మూడే ఉన్నాయి."

లిఫ్ట్ లేదు. ఐదంతస్తులు ఎక్కేసరికి మోకాళ్ళు విరిగిపోతున్నాయి. డాబా తలుపు దగ్గర కాపలావాడు నోరు తెరిచేలోపు లిప్‌స్టిక్‌లోని కత్తి వాడి మెడలో దిగింది. వాడు గోడ పట్టుకుని కూలబడ్డాడు.

పిట్టగోడ దగ్గర ఇంకొకడు సైలెన్సర్ బిగించిన రైఫిల్‌తో బోర్లా పడుకుని ఉన్నాడు. కింద చెల్లెలు మైకు ముందుకొచ్చి చెయ్యెత్తింది. వాడి వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

మేనత్త రెండు చేతులతో గొట్టం పట్టి పైకి లాగింది. తూటా ఆమె అరచేతిని చీల్చుకుంటూ ఆకాశంలోకి పోయింది. వాడు రైఫిల్ వదిలేసి లేచి ఆమె గొంతు పట్టుకున్నాడు. డాబా వెనకవైపు దాకా తోసుకుపోయి పిట్టగోడ మీదికి వంచాడు. కళ్ళు బైర్లు కమ్ముతుంటే ఆమె కాలెత్తి వాడి పొట్టలో తన్నింది, కోటు పట్టి పక్కకు ఈడ్చింది. వాడు పిట్టగోడ దాటి వెనక సందులో పడ్డాడు. ఆ చప్పుడు నినాదాల హోరులో ఎవరికీ వినపడలేదు.

పన్నెండు కొట్టింది. "ఛానల్ ప్లగ్ పీకించాను," అన్నాడు ఫోన్లో చీఫ్.

మెట్లు దిగి జనంలోంచి తప్పుకుపోబోతే, స్టేజీ దిగిన చెల్లెలే ఎదురుపడింది. చూపు అక్క మెడలోని ఛానల్ కార్డు మీద పడింది.

"ఇంత జనం ఎండలో మాడుతుంటే నువ్వెక్కడ చచ్చావక్కా? ఏసీ వ్యాన్లోనా?"

"మేడ మీదున్నానే. గాలి బాగుంటుందని."

"చెయ్యేమిటలా ఉంది?"

"ఐరన్ కాలింది."

"ఐరన్ కాలితే రక్తం కారుతుందా? నీ మొహం!" చెల్లెలు తిట్టుకుంటూనే మెడలోని జెండా గుడ్డ తీసి, ఆ అరచేతికి గట్టిగా కట్టింది. రెండేళ్ళలో అక్కను ముట్టుకోవడం అదే మొదలు. "వాళ్ళ కొలువు మానెయ్యవే అక్కా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది."

"మానేస్తాలే," అంది మేనత్త. "మా యాంకర్ మొహానికి ఇక ఏ పౌడరూ పనికిరాదు."