గనిబావి పక్క ఇల్లు

“ఆ ఇల్లు కొన్నావంటే నేను నీ గడప తొక్కనమ్మా! పండక్కి రాను, పబ్బానికి రాను. నాకు అమ్మ లేదనుకుంటాను!”

ఆ మాట అని టామ్సిన్ టీ కప్పు బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, కొట్టిందనే చెప్పాలి. ప్లిమత్ నుంచి కూతురు వస్తోందని లవ్‌డే పొద్దున్నే లేచి చేసిన కుంకుమపువ్వు బన్నులు ప్లేటులో అలాగే ఉండిపోయాయి. ఒక్కటి కూడా ముట్టుకోలేదు పిల్ల! లవ్‌డే కళ్ళు చెమర్చాయి. అయినా అడిగింది.

“నీకెందుకే అంత కోపం? నేను ఇన్నాళ్ళూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఈ ఒక్క కోరిక...”

“కోరికా అది? ఊరంతా నవ్వుతోంది నిన్ను చూసి!”

ఊరు నవ్విందంటే నవ్వదూ మరి! మా కార్న్‌వాల్ వైపు ఇల్లు కొనేవాళ్ళు పైకప్పు సంగతి తర్వాత చూస్తారు, ముందు నేల కింద ఏముందని అడుగుతారు. తగరం కోసం ముత్తాతలు ఎక్కడ పడితే అక్కడ బావులు తవ్వి, పని అయిపోయాక నోటికి అడ్డంగా నాలుగు దుంగలు పడేసి, పైన మట్టి కప్పి, చక్కగా మరిచిపోయారు. పాత పటంలో చుక్క ఒకచోట ఉంటుంది, బావి ఇంకోచోట ఉంటుంది. హెడ్లీ ముసలాయన ఇల్లని చెబితే చాలు, అప్పిచ్చే బ్యాంకు వాళ్ళు నమస్కారం పెట్టి పంపించేస్తారు. ఏళ్ళ తరబడి ఆ గేటుకి అమ్మకం బోర్డు వేలాడుతూనే ఉంది. వచ్చినవాళ్ళు పెరట్లో రెండడుగులు వేసి, కాళ్ళ కింద ఏముందో అనుకుంటూ వెనక్కి పోయేవారు.

అలాంటి ఇంటి మీద మనసు పడింది లవ్‌డే. ఎందుకో కూతురికి తెలియనిది కాదు. డెన్‌జిల్ ఆ నేల కిందే ఉన్నాడు! టామ్సిన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక మంగళవారం పొద్దున పనికి దిగిన మనిషి... పాత తవ్వకాల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు గోడ బద్దలుకొట్టుకుని వచ్చిపడింది. డెన్‌జిల్‌నీ, అతనితో ఉన్న హారీనీ ఎవరూ పైకి తేలేకపోయారు. ఆ తర్వాత గనే మూతపడింది. వాళ్ళు దిగిన పెద్ద బావిని పూడ్చి, దాని మీద సూపర్‌మార్కెట్ కట్టారు. చర్చి గోడ మీద డెన్‌జిల్ పేరు చెక్కారు గానీ, ఆ రాయి కింద ఎవరున్నారని? పువ్వులు పెట్టి రావడానికి కూడా చోటు లేని ఆడదాని బాధ ఎవరికి తెలుస్తుంది! నీరు పడ్డ చోటుకి సరిగ్గా పైన ఉన్నది హెడ్లీ ఇంటి దగ్గరి పాత బావే అని గని పెద్దలు అప్పట్లోనే చెప్పారు. ఆ మాటని లవ్‌డే ఇన్నేళ్ళూ గుండెలో దాచుకుంది.

టామ్సిన్ కన్నీళ్ళు తుడుచుకుని బ్యాగు తీసుకుంది. “సరే. బావి ఎక్కడుందో వెతికే మనుషుల్ని నేనే పిలిపించాను. ఇవాళ వస్తారు. అది ఇంటి కిందే ఉందని వాళ్ళు చెబితే అప్పుడైనా నీకు భయం వేస్తుందేమో చూద్దాం!”

పిచ్చి పిల్ల! బావి దగ్గరగా ఉంటే అమ్మ బెదిరిపోతుందనుకుంది. దగ్గరగా ఉండాలనే ఆ తల్లి దేవుణ్ణి వేడుకుంటోందని దానికి తట్టనే లేదు.

తల్లీకూతుళ్ళు చూస్తుండగా హెడ్లీ పెరట్లో యంత్రం రోజంతా నేలను పొడిచింది. ఒక వరసలో పొడవడం, ఏమీ తగలకపోతే జరిగి మళ్ళీ పొడవడం. గట్టి నేలైతే ఇనుప కడ్డీ మూలుగుతూ దిగుతుంది. బావి తగిలితే గభాలున జారిపోతుంది. కడ్డీ ఏమాత్రం తడబడినా లవ్‌డే చెయ్యి గుండె మీదికి పోయేది. ఇక్కడేనా? ఈ వంటింటి కిటికీ కిందేనా? పొద్దున్నే గిన్నెలు కడుక్కుంటూ, “లేచావా?” అని అడిగేంత దగ్గరలోనేనా...?

ఎండ వాలే వేళకి యంత్రం నడిపే పెట్రోక్ నవ్వుతూ వచ్చాడు. టోపీ తీసి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“శుభవార్త పెద్దమ్మా! ఇంటి కింద లేదు, పెరట్లోనూ లేదు. గట్టు దాటాక ఆ పొలంలో దొరికింది. పటం గీసినవాడెవడో గానీ తాగి గీసుంటాడు! హాయిగా కొనుక్కోండి.”

లవ్‌డే వంటింటి కిటికీ వైపు చూసింది.

“అదేంటి?” అన్నాడు పెట్రోక్ అయోమయంగా. “ఈ మాట చెబితే జనం నన్ను కావలించుకుంటారు. మీరిద్దరూ చావు కబురు విన్నట్టు నిలబడ్డారేంటి?”

హెడ్లీ అతని భుజం తట్టి అవతలికి తీసుకుపోయాడు. లవ్‌డే వంటింటి గుమ్మంలో కూలబడిపోయింది. రోజంతా ఆపుకున్న ఏడుపు కట్ట తెంచుకుంది.

“ఇక నాకీ ఇల్లెందుకే! నువ్వే గెలిచావు తల్లీ... నాకు వద్దు. ఆయన ఇక్కడ కూడా లేడు! ఒక్క గోడ అవతల ఉంటే చాలనుకున్నాను. అది కూడా రాసిపెట్టి లేదు నాకు...”

టామ్సిన్ కోరుకున్నది అదే కదా! అమ్మ ఇల్లు వద్దంటోంది కదా! కానీ ఆ ముఖం చూడలేకపోయింది. పక్కనే కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, నీకు ఆ చోటు మీద ఆశ. నాకు భయమమ్మా! నువ్వక్కడ కాపురం పెడితే నేను ఏ మొహంతో వచ్చేది? నాన్నని చంపింది నేనే కదా!”

“ఏంటే ఆ మాట!”

“ఆ రోజు నేను కిటికీలోంచి నాన్నా అని వెనక నుంచి పిలిచాను. గేటు దాటిన మనిషి వెనక్కి వచ్చి ముద్దు పెట్టి వెళ్ళాడు. గనికి బయల్దేరిన మగవాడు వెనక్కి తిరిగితే మళ్ళీ ఇంటికి రాడట. నాయనమ్మ చెప్పింది. చర్చిలో ప్రార్థన జరిగిన రోజు నన్ను దొడ్లోకి తీసుకెళ్ళి, ‘నోరు మూసుకుని ఉంటే నా కొడుకు బతికేవాడే’ అంది...” టామ్సిన్ ముఖం చేతుల్లో దాచుకుంది.

లవ్‌డే ఏడుపు టక్కున ఆగిపోయింది. ఎంత భారం మోసింది ఈ పసిగుడ్డు! కొడుకు పోయిన దుఃఖంలో ముసలావిడ ఏ మాట అందో, ఆ మాట పిల్ల బతుకంతా పట్టుకు పీడించింది. తనేమో మొగుడి కోసం ఏడుస్తూ, పక్క గదిలో కూతురు ఎందుకు నిద్రపోవడంలేదో ఒక్కసారి కూడా అడగలేదు...

“పిచ్చి తల్లీ! మీ నాన్న ఆ ఒక్కరోజే వెనక్కి తిరిగాడనుకున్నావా? రోజూ తిరిగేవాడే! నువ్వు లేవలేదనుకో, గేటు దగ్గర నిలబడి నువ్వు లేచేదాకా దగ్గేవాడు. డెన్‌జిల్‌కి దేవుడు మొహం వీపు మీద పెట్టాల్సిందని హారీ ఏడిపించేవాడు. అంతదాకా ఎందుకు, హారీకి పెళ్ళామూ లేదు, పిల్లలూ లేరు. ఆ రోజు అతణ్ణి ఎవరూ పిలవలేదు, అతను వెనక్కి తిరగనూ లేదు. మరి అతణ్ణి ఎవరు చంపారే?”

టామ్సిన్ తల పైకెత్తింది. ఇంత చిన్న సంగతి! ఇన్నేళ్ళలో ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే!

“ఆఖరి ముద్దు నీదేనే,” అంది లవ్‌డే, కూతురి జుట్టు సరిచేస్తూ. “ఆ చీకట్లోకి మీ నాన్న ఉత్త చేతులతో వెళ్ళలేదు. అది తలుచుకునే నేను బతికాను.”

అంతే, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది టామ్సిన్. ఆ ఏడుపు తీరేదాకా లవ్‌డే ఆమెను గుండెకి అదుముకుని కూర్చుంది. తర్వాత టామ్సిన్ ముక్కు తుడుచుకుంటూ లేచి, ఏమీ చెప్పకుండా ఇంట్లోకి వెళ్ళింది. మెట్లు కిర్రుమన్నాయి. పైన ఏదో కిటికీ బిగుసుకుపోయినట్టుంది, గుంజుతున్న చప్పుడు వినిపించింది.

“అమ్మా! పైకి రా!”

“మోకాళ్ళు సహకరించవే...”

“రమ్మంటున్నానా!”

మళ్ళీ కిందికి దిగి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించింది. వెనక గది చిన్నది, గోడల నిండా చెమ్మ. కానీ ఆ కిటికీలోంచి గట్టు అవతల పొలం అంతా కనిపిస్తోంది. పసుప్పచ్చ పూల ముళ్ళపొదల మధ్య పెట్రోక్ గుర్తుగా పాతిన కర్ర, దాని చివర ఎర్ర గుడ్డ గాలికి ఊగుతోంది. కింద పెరట్లో నిలబడితే గట్టు అడ్డం వచ్చి ఇవేవీ కనిపించవు.

లవ్‌డే చౌకట్టు పట్టుకుని నిలబడిపోయింది. డెన్‌జిల్... అక్కడా! ఇన్నేళ్ళకి చూపు ఆనడానికి ఒక చోటు దొరికింది.

టామ్సిన్ కిటికీలోంచి బయటికి వంగి కేకేసింది. “హెడ్లీ తాతా! ఆ బోర్డు తీసెయ్! ఇల్లు మాదే!”

“మీ అమ్మ వద్దందిగా!” అని కింద నుంచి ముసలాయన అరిచాడు.

“ఆవిడ మాటలకేంలే! నేను చెప్తున్నాగా!” అని ఈ వైపు తిరిగి, “నీ మంచం ఈ కిటికీ పక్కన వేద్దాం. నేను వచ్చినప్పుడు నా పక్క నేల మీద. సరేనా?” అంది.

లవ్‌డే తలూపింది. ఇన్నేళ్ళూ ఆ మనిషి కోసం ఈ ఊళ్ళో ఒకరు, ప్లిమత్‌లో ఒకరు, విడివిడిగా ఏడ్చారు. ఈరోజు తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకే కిటికీ దగ్గర నిలబడి, ఒకరి కన్నీళ్ళు ఒకరు తుడుచుకున్నారు.