నలభై ఎనిమిదో అణువు

"సోమవారం మీ అన్నయ్యని చంపేశారు. బుధవారం నువ్వు డ్యూటీలో ఉండాలి," అన్నాడు చీఫ్, ఏజెంట్ పిల్లితో. ఆయన పరామర్శ అలాగే ఉంటుంది.

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. ఒక పలక మీద అన్నయ్య హోల్మియం అనే లోహపు అణువులు నలభై ఎనిమిదింటిని వరసగా పేర్చాడు. ఒక్కోదాని స్పిన్, అంటే అయస్కాంత ముఖం, పైకో, కిందికో. ఆ వరసే కోడ్. అది శత్రువులకు చిక్కితే వాళ్ళ దేశంలో ఉన్న మన ఏడుగురు ఏజెంట్లూ చిక్కినట్టే.

"చదవడం మీ వదినకే వచ్చు. మన మనిషే. కాయితం మీద రాసుకుని, పలక మీదిది చెరిపేస్తుంది. నువ్వు కాపలా."

వదిన అంటే, కాబోయి కాకుండా పోయిన వదిన.

ఏజెంట్ పిల్లి, యంత్రాన్ని చల్లబరిచే హీలియం నింపే మెకానిక్ వేషంలో ల్యాబ్ తలుపు తట్టింది.

"హీలియం ఎంత తెచ్చావ్?"

"సగం దారిలోనే ఆవిరైంది."

కోడ్ వర్డ్ కుదిరింది. తలుపు తెరిచిన వదిన పెదాల మీద ఎర్ర లిప్‌స్టిక్ ఏడుపు వల్ల చెదిరినట్టు లేదు. కుర్చీకి వేలాడుతున్న అన్నయ్య స్వెటర్‌లో భుజాల ఆకారం ఇంకా అలాగే ఉంది. ఎవరో అందులో కూర్చుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టుంది.

స్క్రీన్ మీద అణువులు, చిన్న చిన్న బొడిపెల్లా. చిన్నప్పుడు అన్నయ్య గోళీలూ ఇలాగే పేర్చేవాడు.

మైక్రోస్కోప్ సూది మొన అణువు మీదికి దిగింది. రెంటి మధ్య దూరం వెంట్రుకలో లక్షో వంతు. అడుగు గట్టిగా వేస్తే గుచ్చుకుపోతుంది. ఆ గదిలో తుమ్మునైనా మింగాల్సిందే.

నలభై ఆరు. నలభై ఏడు. కాయితం మాత్రం తెల్లగానే ఉంది. వదిన చెవికమ్మని తాకుతోంది: పైకైతే ఒకసారి, కిందికైతే రెండుసార్లు.

"అన్నీ పోగేసుకుని ఒక్క నొక్కుతో పంపే రకమా వదినా, ఆ కమ్మ?"

వదిన చేతిలోకి పిస్టల్ వచ్చింది. "కదలకు. ఇంకొక్కటే."

"అన్నయ్యని కూడా ఇలాగే కదలొద్దన్నావా?"

"అతను నిజంగానే కదల్లేదే. సూది దిగి ఉంది మరి."

పిల్లికి కళ్ళు మసకబారాయి. పిస్టల్ పేలితే సూది పోతుంది, కాబట్టి వదిన ఇప్పుడే కాల్చదు. పిల్లి రెండు కాళ్ళూ ఎత్తి నేల మీద దభాలున దూకింది.

ఆ క్షణంలో కాల్చొచ్చు, కమ్మ నొక్కొచ్చు. వదిన రెండూ చేయలేదు. పిస్టల్ వదిలేసి, "అయ్యో సూది!" అంటూ రెండు చేతులతో కంట్రోల్ మీద పడింది. పదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

ఈలోగా పిల్లి గుంజితే కమ్మ ఊడి చేతికొచ్చింది. చెవి మిగిలింది, అదే గొప్ప.

స్క్రీన్ మీద వరస లేదు, ఒక గుంట మాత్రమే ఉంది. అన్నయ్య చేతిరాత అంతటితో సరి. వదిన చేతులకి బేడీలు వేశాక, స్వెటర్ వంక చూడకుండా పిల్లి నష్టం ఫారం నింపింది.

పరికరం పాడవడానికి కారణం: ఆడపడుచు.