బాయిలర్‌కు పెట్టిన తాళం

"రేపు పన్నెండున్నరకు గోపాల్‌పేట పల్లినూనె మిల్లులో బాయిలర్ పేలుతుంది," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్. "బాంబు ఉండదు. విదేశీ ముఠా దూరం నుంచే కంట్రోల్స్ లాక్కుంటుంది. ఇది ట్రయల్. సక్సెస్ అయితే మూడొందల స్మార్ట్ ఫ్యాక్టరీలు వాళ్ల గుప్పిట్లోకే!"

"మిల్లు ఆపిస్తే, సార్?"

"లోపలి మనిషి జారిపోతాడు. కానీ మహిపాల్, ఒక్క కూలీకి కూడా గీత పడకూడదు."

మాటిచ్చాడు మహిపాల్. ఆ రోజే సెన్సర్ ఇంజనీర్ వేషంలో మిల్లులో దిగాడు. తోడు మనీషా, ముఠాలో చేరి మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే ఎంత జాగ్రత్తపరుడైనా ఒక క్షణం తడబడాల్సిందే. ప్రమాదం పసిగడితే ఆమె చెప్పాల్సిన కోడ్ వర్డ్ 'నల్లరేగడి'.

మర్నాడు పన్నెండూ ఇరవై. గోడమీద డాష్‌బోర్డు నిండా పచ్చ లైట్లే. ప్రెషర్ నార్మల్. మనీషా నోట కోడ్ వర్డ్ రాలేదు. అయినా మహిపాల్ షెడ్డులోని నలభై మంది కూలీలను మరోసారి లెక్కపెట్టుకున్నాడు.

అంతలో పల్లికాయ చెరిగే హన్మమ్మ రొట్టెల మూట పట్టుకొని ఊడిపడింది.

"ఏంది సారూ గిది? దినాం బాయిలర్ పక్క దిమ్మె మీదనే రొట్టెలు పెడ్త. జర ఎచ్చగైతయి, గంతే. ఇయ్యాల మాడి బొగ్గైనయి!"

"స్క్రీన్ పచ్చగానే ఉందిగా," నవ్వింది మనీషా.

"నీ టీవీకేం ఎరుక, బిడ్డా!"

మహిపాల్‌కు వెలిగింది, స్క్రీన్ అబద్ధం చెబుతోంది. ఆ సెన్సర్లు బిగించింది మనీషాయే. కంచే చేను మేసిందన్నమాట! చేత్తో తిప్పే సేఫ్టీ వాల్వు పాతకాలపుదని నిన్న ఆమె తాళం వేయిస్తే, సరేనని సంతకం పెట్టింది మాత్రం తనే. ఛీ, ఏం బతుకు!

"పెద్దమ్మా, అందర్నీ బయటికి ఉరికియ్యి! ఈమెను గేటు దాటనియ్యొద్దు!" అని అరుస్తూ గడ్డపార అందుకున్నాడు. బాయిలర్ అప్పటికే వణుకుతోంది. మొదటి దెబ్బకు తాళం కదల్లేదు. రెండో దెబ్బకూ అంతే. చేతులు బొబ్బలెక్కుతున్నా మూడోది వేశాడు. తాళం తెగింది. వాల్వు తిప్పగానే ఆవిరి బుస్సుమంటూ పైకప్పుకు ఎగజిమ్మింది. గడియారం పన్నెండూ ఇరవైతొమ్మిది చూపిస్తోంది.

గేటు దగ్గర ఆడకూలీలు, పారిపోబోయిన మనీషాను రెక్కపట్టి నిలబెట్టారు.

"శభాష్!" అన్నాడు చీఫ్ ఫోన్లో.

"తాళానికి సంతకం పెట్టింది నేనే సార్. నలభై మంది పోయేవాళ్లు. రిపోర్టులో రాయండి."

"రిపోర్టులు ఇప్పుడు ఆన్‌లైన్ కదయ్యా. మన తప్పు రాసుకోవడానికి అందులో కాలమ్ లేదు."

"అయితే కాగితం మీద రాసిస్తాను సార్," అన్నాడు మహిపాల్.