బీరుకు కప్పిన కోటు

ఆదివారం ఉదయం ఈనోక్ తన కోటు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. నల్లటి ఉన్ని కోటు. చాపెల్‌కి ప్రార్థనకి వెళ్ళేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ వేసుకోడు. తలుపు వెనక కొక్కేనికి లేదు, మెట్ల కిందా లేదు. బయట గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంది.

వంటింట్లో అతని భార్య విన్నీ ఓట్స్ జావ కలుపుతోంది.

“విన్నీ, నా కోటేదీ?”

“మేడ మీద, వేడినీళ్ళ ట్యాంకు అలమరలో.”

“అక్కడెందుకుంది?”

“దానికి చలేస్తోందని కప్పాను.”

“దేనికి?”

ఈనోక్ రైలింగు పట్టుకుని పైకెక్కి అలమర తలుపు తీశాడు. తువ్వాళ్ళన్నీ పక్కకి జరిగి ఉన్నాయి. మధ్యలో మూత బిగించిన పెద్ద ప్లాస్టిక్ బకెట్టు. దాని చుట్టూ అతని కోటు, గుండీలన్నీ పెట్టి. మూత మీది గొట్టంలోంచి పులిసిన వాసనతో మెల్లగా ఒక బుడగ వచ్చి పగిలింది.

“విన్నీ! ఇది బీరు!”

ఆమె వెనకే వచ్చింది. “అవును. ఓక్ చెక్క వేసి చేసే ఏల్ బీరు. కెమిస్టు షాపులో అమ్మే బీరు కిట్టు కొని, పోయిన వారం కలిపాను.”

“నా ఇంట్లోనా?”

“మనింట్లో.”

ఈనోక్ చిన్నప్పుడే చాపెల్లో మద్యం ముట్టనని ప్రతిజ్ఞ చేసినవాడు. వడ్రంగి. అక్కడి బల్లలన్నీ అతని చేతి పనే. విన్నీ తమ్ముడు క్లెమ్ బీరు తయారుచేసే బ్రూవరీలో చెక్క పీపాలు చేసేవాడు. అక్క పెళ్ళికి తన చేత్తో చేసిన చిన్న ఓక్ పీపా నిండా ఏల్ తెచ్చాడు. ఈనోక్ దాన్ని అందరి ముందూ పెరటి కాలవలో పారబోశాడు. క్లెమ్ ఖాళీ పీపా భుజాన వేసుకుని రైలెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత ఇన్నేళ్ళూ క్రిస్మస్ కార్డులే తప్ప మనిషి రాలేదు. ఇప్పటికీ ఎక్కడైనా రైలు కూత వినబడితే విన్నీకి ఆ భుజమే కనిపిస్తుంది.

పోయిన నెల తన ఆపరేషనయ్యాక క్లెమ్ విన్నీకి ఫోన్ చేశాడు. “ఒకసారి నిన్ను చూడాలనుందక్కా. బావ ఏమీ అనడుగా?”

“దీన్ని పారబోస్తాను,” అంటూ ఈనోక్ బకెట్టు మీద చెయ్యి వేశాడు.

విన్నీ అడ్డంగా నిలబడింది. “పారబొయ్యి. ఇది క్లెమ్ వస్తున్నాడని చేశాను, ఈసారి వాడి వెంట నేనూ వెళ్తాను. ఆ రోజు తెల్ల గౌను వేసుకుని నోరు మూసుకు నిలబడ్డాను. ఇప్పుడా గౌనూ లేదు, ఆ నోరూ లేదు.”

“నా కోటివ్వు, చాపెల్‌కి టైమైంది.”

“ఇవ్వను. గ్యాసు దండగని నిన్న బాయిలర్ కట్టేశావుగా? ట్యాంకు చల్లబడి, బీరు పులియడం ఆగి బుడగలూ ఆగిపోయాయి. నీ కోటు కప్పాకే మళ్ళీ కదిలింది.”

“కోటేదని వాళ్ళడిగితే ఏం చెప్పను?”

“నిజం చెప్పు. అబద్ధం నీకెలాగూ చేతకాదు.”

అతను ఇంట్లో వేసుకునే పల్చటి ఉన్ని కార్డిగన్ తోనే విసవిసా వెళ్ళిపోయాడు. తలుపు పడగానే విన్నీ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. మఫ్లరయినా కట్టుకోలేదు. ఈ వయసులో ఛాతీకి జలుబు పడితే? పిలుద్దామని నోరు తెరిచింది. పిలవలేదు. అతను మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి ఈనోక్ ముక్కు ఎర్రగా కందిపోయింది. విన్నీ టీ అందించింది.

“అడిగారా?”

“అడక్కేం? మా ఆవిడ చేసిన బీరుకు చలేస్తోందట, కోటు దానికి కప్పిందన్నాను.”

“అయ్యో! ఏమన్నారు?”

“పాస్టరు దగ్గాడు. మన పెళ్ళికి వచ్చిన ముసలి హెప్సీబా నవ్వీ నవ్వీ కీర్తనల పుస్తకం కింద పడేసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ‘అయితే క్లెమ్ వస్తున్నాడా?’ అంది.” అతను కప్పు బల్ల మీద పెట్టాడు. “ఆ పీపా సంగతి ఎవరూ మర్చిపోలేదు, విన్నీ. నేను మర్చిపోయాననుకున్నాను గానీ, నేనూ మర్చిపోలేదు.”

కుర్చీలోంచి లేచి అడిగాడు. “బీరులో వేసే ఆ ఓక్ చెక్క ఏదీ?”

విన్నీ కిట్టుతో వచ్చిన చెక్క ముక్కల పొట్లాన్ని తీసి గుండెకి అదుముకుంది. “ఎందుకు?”

“చూడనీ.” ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. “మంచి ఓకు. బాగా ఎండింది. ఆ రోజు వాడి పీపాని నేను సరిగ్గా చూడనైనా లేదు. ఎలా చేశాడో ఏమిటో. ఇది ఎప్పుడు వెయ్యాలి?”

“నురగ తగ్గాక. ఇవాళ తగ్గింది.”

ఈనోక్ చేతులు కడుక్కుని మేడెక్కాడు. మూత తీసి, ముక్కలన్నీ తనే జాగ్రత్తగా జారవిడిచాడు.

“మరి నీ ప్రతిజ్ఞ?”

“తాగనని మాటిచ్చాను. చెక్క పని చెయ్యనని ఎవరికీ మాటివ్వలేదు.”

విన్నీ కోటు తీసి అతని ముందు పట్టుకుంది. “ఇక ఇది నువ్వు వేసుకో. నేను దుప్పటి కప్పుతాలే.”

అతను కోటు తీసుకుని మళ్ళీ బకెట్టుకే చుట్టి, పై గుండీ దాకా పెట్టాడు.

“ఉండనీ. క్లెమ్ కోసం స్టేషన్‌కి కూడా కార్డిగన్ తోనే వెళ్తాను. కోటేదని అడుగుతాడుగా? అప్పుడు చెప్తాను.”

విన్నీకి కళ్ళు నిండిపోయాయి. గొట్టంలో ఇంకో బుడగ పగిలింది.

“వెళ్దువుగాని. ఈసారి మాత్రం మఫ్లర్ కట్టుకోకుండా గడప దాటావంటే ఊరుకోను,” అంది.