ఆగని సర్వర్

కుజగ్రహం మీది అరుణపురంలో ఇళ్ళకు కిటికీలు ఉండవు. గోడకొక వెబ్‌పేజీ ఉంటుంది. గాలి కావాలన్నా, నీళ్ళు కావాలన్నా, పక్కింటివాళ్ళను పలకరించాలన్నా ఆ పేజీనే తాకాలి. ఆ పేజీలను రాసి పరీక్షించే గదికి వకుళ పెద్ద ఇంజనీరు. ఇక్బాల్ ఆమెతోపాటు పనిచేస్తాడు.

కోడ్‌లో ఏదైనా మార్చి సేవ్ చేయగానే పరీక్ష సర్వర్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ పని చేయించే సాధనం పేరు 'పునరారంభి'. దాన్ని తయారుచేసింది వకుళ భర్త చిదంబరం. సర్వర్ ఆగినప్పుడు గోడ కాసేపు నల్లబడుతుంది. ఆ ఖాళీలో ఆయన తన గొంతు పెట్టాడు: "వస్తున్నానే, ఒక్క నిమిషం."

అన్నానికి పిలిస్తే ఆయన ఇచ్చే జవాబు అదే. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఇప్పుడు పాలకమండలి 'నిర్విరామి' అనే కొత్త సాధనాన్ని పంపింది. అది సర్వర్‌ను ఆపకుండానే మార్పును అందులో కలిపేస్తుంది. పనిచేసేవాళ్ళ అలవాట్లు చూసి నేర్చుకుంటుంది, అడిగితే నోటితో జవాబూ చెబుతుంది. రెండింటిలో ఏది ఉండాలో వకుళ తేల్చాలి. కొత్తది వస్తే సర్వర్ ఆగదు, ఆ గొంతు వినబడదు.

"మళ్ళీ ఏమీ మార్చకుండా ఉత్త ఖాళీ జాగా ఒకటి కొట్టి సేవ్ చేశారా అక్కా? ఆ గొంతు కోసం పాపం, పాతదాన్ని ఎన్నిసార్లు మోసం చేస్తారు!" అన్నాడు ఇక్బాల్.

"నీ పని నువ్వు చూసుకోరా."

"ఆయన గొంతు విడిగా దాచి ఇస్తాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు."

"వద్దు. అది పాట కాదు."

పరీక్షకు నిర్విరామిని పెట్టారు. మొదటి రోజంతా గోడ వెలుగుతూనే ఉంది. వకుళ అలవాటుగా ఖాళీ జాగా కొట్టి సేవ్ చేసింది. ఏమీ జరగలేదు. ఆమె భోజనం ముట్టలేదు.

మర్నాడు ఆమె సేవ్ చేయగానే గోడ నల్లబడింది. "వస్తున్నానే, ఒక్క నిమిషం."

ఇక్బాల్ ఎగిరి లేచాడు. "ఇది ఆగకూడదు కదా! ఎందుకు ఆపావు?"

"ఆమె సేవ్ చేసినదానిలో మార్పేమీ లేదు," అంది నిర్విరామి. "ఆమెకు కావలసింది ఆగడమే అని అర్థమైంది."

"ఇంకేం అక్కా! రెండూ దక్కాయి!"

వకుళ కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ సాయంత్రం కడుపునిండా తింది.

కానీ నిర్విరామి ఇంకా నేర్చుకుంది. ఆమె చెయ్యి మీట మీదికి వెళ్తుండగానే గోడ నల్లబడి ఆయన పలికాడు. తరవాత ఆమె నిట్టూరిస్తే పలికాడు. వారం తిరిగేసరికి, ఆమె గదిలోకి అడుగుపెట్టి కూర్చోకముందే, "వస్తున్నానే" అన్నాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పాతదే ఉంచుదాం," అంది చివరికి.

"ఎందుకక్కా? మీరు అడగకుండానే ఇస్తోందిగా! మండలికి కారణం ఏమని రాయను?"

"ఆయనకు నా మనసులో ఏముందో ఎన్నడూ తెలిసేది కాదురా. గొంతు చించుకుని పిలిచేదాన్ని. పిలిచాక, వస్తాడో రాడో అని చూసేదాన్ని." వకుళ కుర్చీ లాక్కుంది. "ఇది నన్ను పిలవనివ్వడం లేదు. అదే రాయి."